గట్లు లేని పొలాలు: లాక్స్‌టన్‌లో మిగిలిన మధ్యయుగం

1977లో బ్రిటన్ పార్లమెంటు న్యాయ పరిపాలన చట్టం చేసి, మధ్యయుగాల నుంచి పేరుకు మాత్రం మిగిలి ఉన్న చిన్న చిన్న స్థానిక కోర్టుల అధికారాలను రద్దు చేసింది. ఒకప్పుడు ఊరూరా భూస్వామి పేరిట కొలువుదీరి పొలం తగాదాలు, పశువుల తగాదాలు తీర్చిన ‘కోర్టు లీట్’ అనే గ్రామ కోర్టులు కూడా ఆ జాబితాలో చేరాయి. ఆనవాయితీగా సమావేశం కావడానికి వాటికి అభ్యంతరం లేదు, తీర్పు చెప్పే అధికారం మాత్రం పోయింది. రెండింటిని చట్టం పేరు పెట్టి మినహాయించింది. ఒకటి వేల్స్‌లోని డెన్‌బీలో యజమాని తెలియని పశువుల వ్యవహారం చూసే కోర్టు. రెండోది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌కు చెందిన లాక్స్‌టన్ అనే చిన్న ఊరి కోర్టు లీట్.

ఒక దేశపు చట్టం ఇంత చిన్న ఊరి పేరు ఎత్తడానికి కారణం మమకారం కాదు. మిగిలిన గ్రామ కోర్టులకు చేయడానికి పని లేదు, లాక్స్‌టన్ కోర్టుకు ఉంది. ఆ ఊరి రైతులు ఇప్పటికీ మూడు పెద్ద పొలాలను మధ్యయుగపు పద్ధతిలో ఉమ్మడి కట్టుబాట్ల కింద సాగు చేస్తున్నారు. ఒకరి పొలం చెక్కకూ పక్కవాడి చెక్కకూ మధ్య గట్టు లేదు, కంచె లేదు. హద్దు ఎక్కడుందో చెప్పడానికి, దాటినవాడికి జరిమానా వేయడానికి ఒక సంస్థ ఉండి తీరాలి. ఆ సంస్థే ఈ కోర్టు.

ఇంగ్లండ్‌లో మధ్యయుగపు వారసత్వం అనగానే యాత్రికులు వెతుక్కునేది వేరే. సఫోక్‌లోని లావెనమ్ లాంటి ఊళ్ళలో ఉన్ని వ్యాపారం తెచ్చిన సిరితో కట్టిన చెక్కదూలాల ఇళ్ళు వరుసగా వంగి నిలబడి ఉంటాయి. వాటిని చూసిన కళ్ళకు లాక్స్‌టన్ సాదాసీదాగా కనిపిస్తుంది. ఇళ్ళలో చాలా భాగం 18వ శతాబ్దం, ఆ తరువాతి కాలపు ఎర్ర ఇటుక, పెంకు కట్టడాలే. పాతదనం ఇళ్ళ గోడల్లో లేదు. ఇళ్ళు వీధికి ఎలా నిలబడ్డాయి, వాటి వెనక దొడ్లు ఎలా సాగాయి, ఊరు దాటగానే నేల ఎలా పంచుకుని ఉంది అన్నదాంట్లో ఉంది. లాక్స్‌టన్‌లో కాపాడుకున్నది వస్తువును కాదు, పని చేసే తీరును. వారసత్వం గురించి ఆలోచించేవారికి ఈ ఊరు ముఖ్యమైనది అందుకే.

ఊరు నాటింగ్‌హామ్‌షైర్ తూర్పు భాగంలో, షెర్‌వుడ్ అడవి ప్రాంతానికి తూర్పున, బరువైన ఎర్ర బంకమట్టి నేల మీద ఉంది. తడిస్తే నాగలికి అంటుకుని వదలని నేల అది, ఎండితే రాయి. పేరు పాత ఇంగ్లీషు నుంచి వచ్చింది. లెక్స అనే మనిషి, అతని వాళ్ళు నివాసం ఉన్న చోటు అని అర్థం చెబుతారు. అంటే 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను జయించకముందే, ఆంగ్లో శాక్సన్ల కాలంలోనే ఇక్కడ జనావాసం ఉంది. చుట్టుపక్కల థోర్స్‌బీ వంటి ఊళ్ళ పేర్లలోని ‘బీ’ మాత్రం డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన డేనులది. 9వ శతాబ్దంలో ఈ ప్రాంతం వారి ఏలుబడిలోకి వెళ్ళింది. నాటింగ్‌హామ్ వారి అయిదు కోట పట్టణాల్లో ఒకటి.

లాక్స్‌టన్ లిఖిత చరిత్ర 1086లో మొదలవుతుంది. ఇంగ్లండ్‌ను జయించిన ఇరవై ఏళ్ళకు నార్మన్ రాజు విలియం తన రాజ్యంలో ఎవరి చేతిలో ఎంత భూమి, ఎన్ని నాగళ్ళు, ఎంత రాబడి ఉన్నాయో లెక్క తీయించాడు. అదే డూమ్స్‌డే పుస్తకం. అందులో ‘లాక్సింటూన్’ గురించి ఉన్నది కొన్ని వాక్యాలే, కానీ ఒక ఊరి నిర్మాణమంతా వాటిలో ఉంది. పూర్వం టోకీ అనే డేనిష్ పేరున్న దొర చేతిలో ఉన్న భూమి నార్మన్ అయిన జెఫ్రీ అల్సెలిన్‌కు వచ్చింది. ఆరు నాగళ్ళకు సరిపడా నేల. అందులో ఒక నాగలి దొర మనిషిది. భూమికి కట్టుబడి ఉన్న 22 మంది విలెయిన్ రైతులకు, చిన్న కమతాలున్న ఏడుగురికి కలిపి అయిదు నాగళ్ళు. అయిదుగురు బానిసలు, ఒక ఆడబానిస. నలభై ఎకరాల పచ్చిక బయలు. పందులు మేసే అడవి. నార్మన్లు రాకముందు ఎడ్వర్డ్ రాజు కాలంలో తొమ్మిది పౌండ్లున్న ఊరి విలువ ఇప్పుడు ఆరు పౌండ్లని చివరి వాక్యం. జయించినవాడి లెక్కల పుస్తకంలోనే జయించబడిన నేల నష్టం నమోదైంది.

ఈ అంకెల్లో ఒకదాని దగ్గర కాస్త ఆగాలి. 29 రైతు కుటుంబాలకు అయిదు నాగళ్ళు. డూమ్స్‌డే లెక్కలో ఒక నాగలి అంటే ఎనిమిది ఎద్దుల జట్టు. అంటే 29 ఇళ్ళకు కలిపి నలభై ఎద్దులు. ఏ ఇంటికీ సొంతంగా పూర్తి నాగలి లేదు. ఒకరికి ఒక ఎద్దు, ఇంకొకరికి రెండు, మరొకరి దగ్గర కర్రు. నలుగురూ కలిస్తే తప్ప నేల దున్నడం కుదరదు. బరువైన బంకమట్టిని తిరగదోయాలంటే అంత బలం కావాలి. ఉమ్మడి సాగు ఒక ఆదర్శంగా పుట్టలేదు, ఆ మట్టి బరువులోనుంచి పుట్టింది. దున్నేది ఉమ్మడిగా అయినప్పుడు పంపకం కూడా దానికి తగ్గట్టే ఉండాలి.

ఇక్కడి నుంచి తెలుగు పాఠకుడికి తెలిసిన మాటలు ఎదురవుతాయి. ఎద్దుల జట్టు ఆగకుండా లాగగలిగే సాలు పొడవును ఇంగ్లీషు వాళ్ళు ‘ఫర్లాంగు’ అన్నారు. ఆ మాటకు అర్థమే సాలు పొడవు. లెక్క కుదిరాక అది 220 గజాలు. ఒక జట్టు ఒక రోజులో దున్నగలిగిన నేల, స్థూలంగా, అంత పొడవూ 22 గజాల వెడల్పూ ఉన్న ముక్క. 220ని 22తో హెచ్చిస్తే 4,840 చదరపు గజాలు. అదే ఎకరం. ఆంధ్రలో వంద సెంట్లుగా, తెలంగాణలో నలభై గుంటలుగా పట్టాదారు పాస్ పుస్తకాల్లో రాసుకునే ఎకరం ఇంగ్లండ్ మధ్యయుగపు ఎద్దుల ఒక రోజు కష్టాన్ని తనలో దాచుకున్న కొలత. సర్వేయర్ల గొలుసు 66 అడుగులు ఎందుకుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అది 22 గజాలు, అంటే ఆ ముక్క వెడల్పు. ఎడ్మండ్ గంటర్ 1620లో ఆ గొలుసును రూపొందించినప్పుడు రైతు వాడుకలో ఉన్న వెడల్పునే ఇనుములోకి దించాడు. ఇంగ్లీషు పాలనతో పాటు ఆ కొలతలు మన దగ్గరకు వచ్చి, పాలన పోయినా పొలాల్లో ఉండిపోయాయి. ఎకరం అనే మాట మూలంలో పొలం అనే అర్థం తప్ప కొలత అనే అర్థం లేదు. లాటిన్ ‘అగెర్’, సంస్కృతం ‘అజ్ర’ దానికి తోబుట్టువులు.

నేల మీద ఈ లెక్క ఇంత చదరంగా ఉండేది కాదు. వాలు, వాగు, మట్టి స్వభావం బట్టి చెక్కలు పొట్టివీ పొడుగువీ అయ్యేవి. ఒకే దిశలో సాగే చెక్కల గుంపును కూడా ఫర్లాంగనే అనేవారు. అలాంటి ఎన్నో ఫర్లాంగులు కలిస్తే ఒక పెద్ద పొలం. నాగలి మట్టిని ఎప్పుడూ ఒకే పక్కకు తిరగదోస్తుంది. చెక్క చుట్టూ ఒకే తీరున తిరుగుతూ ఏటేటా దున్నడంతో మట్టి మధ్యకు పేరుకుని మెరక ఏర్పడుతుంది, అంచుల్లో పల్లం మిగులుతుంది. వాన నీరు ఆ పల్లంలోకి దిగిపోతుంది. ఎనిమిది ఎద్దుల పొడుగాటి జట్టు చెక్క చివర తిరగడానికి ముందునుంచే కాస్త ఒరిగేది కాబట్టి, పాత సాళ్ళు పైనుంచి చూస్తే తిరగబడిన ఎస్ అక్షరంలా వంపు తిరిగి ఉంటాయి. దున్నడం మాని పచ్చిక వేసిన చోట్ల, సాయంత్రం ఏటవాలు ఎండలో ఆ మెరకలూ పల్లాలూ ఇప్పటికీ అలల్లా కనిపిస్తాయి. మధ్య ఇంగ్లండ్ అంతటా ఆ ఆనవాళ్ళు ఉన్నాయి. ఆ పని ఆగిపోయిన చోట అవి గుర్తులు, లాక్స్‌టన్‌లో వాటి వెనక ఉన్న పంపకం ఇంకా అమల్లో ఉంది.

పంపకంలోని తర్కం కూడా ఆలోచించదగినది. ఒక రైతుకు ముప్ఫై ఎకరాలుంటే అవి ఒకచోట ఉండవు. మూడు పొలాల్లోనూ, ప్రతి పొలంలో అనేక ఫర్లాంగుల్లోనూ చిన్న చిన్న చెక్కలుగా చెదిరి ఉంటాయి. ఆధునిక దృష్టికి ఇది వృథా ప్రయాస. కమతాల ఏకీకరణ గురించి విన్నవారికి వెంటనే అలాగే తోస్తుంది. నిల్వలు లేని, బీమా లేని కాలంలో మాత్రం ఈ చెదరడంలో ఒక రక్షణ ఉంది. వానలెక్కువైన ఏడు పల్లపు చెక్క కుళ్ళితే మెరక చెక్క తిండి పెడుతుంది. ఎండలు కాసిన ఏడు పల్లపు చెక్క ఆదుకుంటుంది. మంచి నేల అంతా ఒకరికి, చవుడు అంతా ఇంకొకరికి పోదు. సగటు దిగుబడి కాస్త తగ్గినా, ఆకలి చావు దూరంగా ఉంటుంది. పేద రైతుకు కావలసింది అన్నిటికన్నా ముందు అదే.

మూడు పొలాలు మూడు పంటకాలాలకు. ఒక పొలంలో చలికాలానికి ముందు విత్తే గోధుమ. రెండోదానిలో వసంతంలో విత్తే బార్లీ, బఠాణి, చిక్కుడు లాంటివి. మూడోది బీడు. మరుసటి ఏడు వరుస మారుతుంది. గోధుమ పొలం వసంత పంటకు, వసంత పంట పొలం బీడుకు, బీడు గోధుమకు. కోత అయ్యాక మోళ్ళ మీదకూ, బీడు మీదకూ ఊరి పశువులన్నీ కలిసి వెళ్ళేవి. వాటి పేడే ఎరువు. అందుకే ఒక రైతు తనకిష్టమైనప్పుడు విత్తి తనకిష్టమైనప్పుడు కోయలేడు. తన చెక్కలో పైరు నిలిపి ఉంచితే ఊరి మంద ఆగిపోవాలి. గట్టు ఉండకూడదన్న నియమం వెనక కూడా ఈ మంద ఉంది. మొండితనం వల్ల ఒకడు అందరినీ ఆపగలిగిన చోట నియమాలు పుట్టుకొస్తాయి. వాటిని తూచే పెద్దలూ అవసరమవుతారు.

ఇందులో సమానత్వం వెతకడం మాత్రం సరికాదు. చెక్కల మధ్య గట్లు లేకపోవచ్చు, మనుషుల మధ్య ఉండేవి. విలెయిన్ రైతు భూమిని వదిలి వెళ్ళడానికి స్వేచ్ఛ లేనివాడు. తన చెక్క దున్నుకునే ముందు దొర పొలంలో వెట్టి చేయాలి. ఊరి ఉత్తరపు అంచున మట్టి దిబ్బగా మిగిలిన కోట ఆ సంబంధానికి సాక్ష్యం. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఈ తరహా మట్టి కోటల్లో బాగా నిలిచిన వాటిలో ఇది ఒకటి. ఎత్తైన దిబ్బ, దాని చుట్టూ కందకం, ముందు విశాలమైన ఆవరణ. మొదటి హెన్రీ కాలానికి షెర్‌వుడ్ అడవికి వంశపారంపర్య పాలకులైన డి కో కుటుంబం ఇక్కడి నుంచే ఆ అధికారం నడిపింది. రాజు వేట కోసం ఉంచుకున్న అడవిలో జింకను ముట్టినవాడికీ, చెట్టు నరికినవాడికీ శిక్షలు వేసే వ్యవస్థ అది. ఆ పదవి తరువాత పెళ్ళిళ్ళ ద్వారా ఎవరింగమ్ కుటుంబానికి వచ్చింది.

రాజుకు దగ్గరగా ఉండటం ఊరికి ఎంత ప్రమాదమో 1207లో తేలింది. జాన్ రాజు అభయం పొందడానికి, ఆయన ఆజ్ఞతో ఊరు తగలబడకుండా ఉండటానికి లాక్స్‌టన్ జనం వంద పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకున్నారని ఆ నాటి ఖజానా లెక్కల్లో నమోదై ఉంది. 120 ఏళ్ళ ముందు ఊరి విలువ ఆరు పౌండ్లు. మధ్యలో ధరలు పెరిగిన మాట నిజమే అయినా, ఎద్దులు కూడా ఉమ్మడిగా పెట్టుకుని దున్నే మనుషులకు వంద పౌండ్లంటే తరాల అప్పు. ఖజానా గుమాస్తా ఒక పంక్తిలో రాసి ముగించిన ఈ విషయం చదివితే, మధ్యయుగపు గ్రామాన్ని పచ్చని బొమ్మగా ఊహించుకునే అలవాటు అక్కడే ఆగిపోతుంది.

సెయింట్ మైకేల్ చర్చిలో ఎవరింగమ్‌ల సమాధి ప్రతిమలు ఉన్నాయి. రాతి యోధుల మధ్య ఒక స్త్రీ ప్రతిమ ఓక్ కలపతో చెక్కినది. ఇంగ్లండ్‌లో మధ్యయుగపు కొయ్య ప్రతిమలు చాలా కొద్దిగా మిగిలాయి కాబట్టి చరిత్రకారులు దీన్ని ప్రత్యేకంగా చూస్తారు. 1860 ప్రాంతంలో చర్చిని మరమ్మతు చేసినప్పుడు కట్టడాన్నే కొంత కుదించారు. 13వ శతాబ్దంలో ఇదే ఊరి నుంచి ముగ్గురు అన్నదమ్ములు దేశ స్థాయికి ఎదిగారు. రాబర్ట్, జాన్ అనే ఇద్దరు రాజు కొలువులో న్యాయాధికారులయ్యారు, హెన్రీ 1254లో లింకన్ బిషప్ అయ్యాడు. ఊరి పేరుకు అప్పటి ఒక రూపమైన ‘లెక్సింగ్టన్’ వారి ఇంటిపేరు.

14వ శతాబ్దంలో ప్లేగు వచ్చింది. 1348, 1349 సంవత్సరాల్లో ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా చనిపోయారు. కూలి దొరకడం కష్టమైంది, ధాన్యం ధర పడిపోయింది, గొర్రెల పెంపకం లాభసాటి అయింది. ఆ తరువాతి శతాబ్దంలో చాలా చోట్ల భూస్వాములు దున్నే నేలను పచ్చికగా మార్చి రైతులను వెళ్ళగొట్టారు. యార్క్‌షైర్‌లోని వారమ్ పర్సీ అలా 1500 ప్రాంతానికి ఖాళీ అయింది. నలభై ఏళ్ళ పాటు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూసిన ఆ ఊళ్ళో ఇప్పుడు కప్పులేని చర్చి, గడ్డి కింద ఇళ్ళ పునాదులు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఇలా పాడుబడిన మధ్యయుగపు ఊళ్ళు మూడు వేలకు పైగా గుర్తించారు. లాక్స్‌టన్ ఆ దెబ్బను తట్టుకుంది.

ఆ తట్టుకున్న ఊరు ఎలా ఉండేదో అరచేతిలో చూపించే పటం ఒకటి ఉంది. 17వ శతాబ్దంలో లండన్ వ్యాపారి సర్ విలియం కోర్టీన్ ఈ ఎస్టేట్ కొన్నాడు. కొన్నది ఏమిటో తెలుసుకోవడానికి మార్క్ పియర్స్ అనే సర్వేయర్‌తో కొలిపించాడు. 1635లో తయారైన ఆ పటం, దానికి తోడు రాసిన భూమి చిట్టా ప్రతి చెక్కనూ లెక్కించాయి. ఏది ఎవరిది, ఎంత, పక్కన ఎవరు అన్నదంతా వాటిలో ఉంది. పటం మీద మనుషులు కూడా ఉన్నారు. నాగలి దున్నేవాళ్ళు, కోత కోసేవాళ్ళు, వేటకు గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు. ప్రస్తుతం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఆ పటాన్ని నేటి లాక్స్‌టన్ పక్కన పెడితే వీధులు, దొడ్లు, పొలాల పేర్లు చాలా వరకు సరిపోతాయి. మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్ అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. అప్పటి నాలుగోది, ఈస్ట్ ఫీల్డ్, ఇప్పుడు లేదు.

మిగిలిన ఇంగ్లండ్‌లో ఈ రకం పొలాలు ఎలా మాయమయ్యాయో తెలిస్తేనే ఇది నిలవడం ఎంత అరుదో అర్థమవుతుంది. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసింది. ఊరి ఉమ్మడి పొలాలను, మేత బయళ్ళను కొలిచి, ఒక్కొక్కరికి ఒకచోట ముక్కగా కేటాయించి, చుట్టూ ముళ్ళ పొదల కంచెలు నాటించే చట్టాలు అవి. వాటి కిందకు వచ్చిన నేల 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండ్ విస్తీర్ణంలో అయిదో వంతుకు పైమాటే. కొత్త పంటలు వేయడానికి, నీరు పోయే కాలువలు తవ్వడానికి, మేలుజాతి పశువులు పెంచడానికి ఒకేచోట ఉన్న భూమి అనువుగా ఉండేదన్నది నిజం. ఉమ్మడి బయలు మీద ఒక ఆవును మేపుకుని, పుల్లలు ఏరుకుని బతికిన నిరుపేదకు చేతికి ఏమీ రాలేదన్నదీ అంతే నిజం. హక్కు పత్రం ఉన్నవాడికి ముక్క దక్కింది. అలవాటు మాత్రమే ఆధారంగా బతికినవాడు కూలివాడయ్యాడు. ఈ రోజు యాత్రికులు మెచ్చుకునే ఇంగ్లండ్ పల్లెసీమ అందం, ఆ గళ్ళ గళ్ళ పచ్చని కంచెలు, చాలా చోట్ల ఈ పంపకం గీసిన గీతలే.

లాక్స్‌టన్ ఎందుకు మిగిలింది? సంప్రదాయం మీద ప్రేమతో అని చెప్పడం తేలిక, అది నిజం కాదు. ఎస్టేట్ 17వ శతాబ్దంలోనే థోర్స్‌బీ కేంద్రంగా ఉన్న పియర్‌పాంట్ కుటుంబానికి వచ్చింది. తరువాత మాన్వర్స్ ఎర్ల్‌లు అనే ప్రభు బిరుదు పొందినవారు వీరే. ఊళ్ళో మరో పెద్ద వాటా స్కార్‌బరో ఎర్ల్‌లది. ఇద్దరి భూములూ చెక్కలు చెక్కలుగా అల్లుకుపోయి ఉన్నాయి. ఎన్‌క్లోజర్‌కు ఇద్దరూ ఒప్పుకోవాలి, ఎవరికి ఏ ముక్కో తేలాలి, సర్వేకూ కంచెలకూ డబ్బు పెట్టాలి. ఆ ఒప్పందం కుదరలేదు. ఊరి అంచుల్లో వీలైన చోటల్లా కొంత కొంత కంచెల్లోకి వెళ్ళింది, నడిమి పొలాలు వాయిదా పడుతూ వచ్చాయి. ఇద్దరు పెద్దల మధ్య కుదరని బేరం చిన్న రైతుల పద్ధతిని బతికించింది. చరిత్రలో మంచి సంగతులు కొన్ని ఎవరూ కోరుకోకుండానే నిలిచిపోతాయి. లాక్స్‌టన్ విషయంలో ఈ మాట ఒప్పుకోవడం వల్ల దాని విలువ తగ్గదు.

కోరి నిలబెట్టడం 20వ శతాబ్దంలో మొదలైంది. 1900ల తొలి ఏళ్ళలో మాన్వర్స్ ఎస్టేట్ ఉమ్మడి పొలాలను పూర్తిగా తీసివేయకుండా సవరించింది. ఈస్ట్ ఫీల్డ్ కంచెల్లోకి వెళ్ళింది. మిగిలిన మూడింటిలో మరీ చిన్న చెక్కలను కలిపి కాస్త పెద్దవి చేశారు. అంటే నేటి చెక్కలు 1635 నాటివి యథాతథంగా కావు. ఇది కల్తీ అని వాదించేవారికి ఒక జవాబు ఉంది. గుర్రపు నాగలికి, తరువాత ట్రాక్టరుకు పనికిరాని చెక్కలను అలాగే ఉంచితే రైతు వాటిని ఎప్పుడో వదిలేసేవాడు. సవరించారు కాబట్టే సాగు మిగిలింది. 1952లో ఎస్టేట్ అమ్మకానికి వచ్చినప్పుడు ఈ పద్ధతిని కాపాడటం కోసం బ్రిటన్ వ్యవసాయ మంత్రిత్వ శాఖే కొన్నది. 1981లో అది రాచరికపు ఆస్తులను నిర్వహించే క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ చేతికి వెళ్ళింది. 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ దాన్ని తిరిగి కొన్నది. ఇలా యజమాని మారిన ప్రతిసారీ ఊరికి ఒకే భయం. కొత్త యజమాని ఒక్క సంతకంతో కట్టుబాటు మార్చగలడా? 1977 చట్టం కోర్టుకు అధికారం మిగిల్చింది కానీ, సాగు చేసే కౌలు రైతులు లేకపోతే ఆ అధికారం దేని మీద?

నిజంగా ఆలోచించాల్సిన ముప్పు ఇదే. ఉమ్మడి పొలాలు ఇప్పుడు అయిదు వందల ఎకరాలకు కాస్త అటూ ఇటూ. రైతు కుటుంబాలు వాటి మీదే బతకడం లేదు. కంచెల లోపలి భూములు కలుపుకుని కమతం నడుస్తుంది, మూడు పొలాల్లోని చెక్కలు కౌలు షరతుల్లో భాగంగా వెంట వస్తాయి. పెద్ద యంత్రాలకు చెదిరిన చెక్కలు అనుకూలం కావు. కమతాల సంఖ్య తరం తరానికీ తగ్గింది. కోర్టు తరఫున హద్దులు చూసే జ్యూరీకి పన్నెండు మంది కావాలంటే ఊళ్ళో అంతమంది ఉండాలి. రాతి కోటకు కాపలాదారును పెడితే సరిపోతుంది. ఈ వారసత్వానికి కావలసింది మట్టి తెలిసిన మనుషులు, వాళ్ళ పిల్లలు ఊళ్ళో ఉండటానికి తగిన రాబడి. పాత కట్టడాలకు ఇచ్చే నిధుల పద్ధతిలో దీన్ని కాపాడలేరు. మూడు పంటల క్రమం పాటించడం వల్ల రైతుకు వచ్చే నష్టాన్ని ఎవరో ఒకరు భరించాలి, భరించడం న్యాయం కూడా.

దున్నని చోట్లు మరో సంపద. పొలాల మధ్య వాగుల పక్కన, వాలు ఎక్కువైన చోట నాగలి తిరగని గడ్డి పట్టెలు మిగిలాయి. వాటిని ‘సైక్స్’ అంటారు. శతాబ్దాలుగా దున్నకపోవడం వల్ల ఇతర చోట్ల కనుమరుగైన గడ్డిపూల జాతులు అక్కడ నిలిచాయి, అందుకే వాటికి ప్రత్యేక శాస్త్రీయ ప్రాధాన్యం ఉన్న ప్రదేశంగా చట్ట రక్షణ ఉంది. ఏటా వేసవిలో ఆ గడ్డిని వేలం వేస్తారు. ఒకప్పటి ఉమ్మడి మేత హక్కు ఆ వేలంలో మిగిలి ఉంది. చెక్కను దున్నేవాడు అంచున ఒక సాలు ఎక్కువ వేసినా సైక్ అంత మేర తగ్గుతుంది. కోర్టు పట్టుకునే తప్పుల్లో ఇదొకటి. ప్రకృతి పరిరక్షణ అనే మాట పుట్టక ముందే పక్కవాడి గడ్డి కాపాడే నియమం ఆ పూలను కాపాడింది.

ఊళ్ళో బందెలదొడ్డి కూడా ఉంది. పైరులో పడిన పశువును తోలుకొచ్చి కట్టేసి, యజమాని జరిమానా కట్టాక విడిచిపెట్టే చోటు. ఆ పని చూసే మనిషికి ప్రత్యేకంగా ‘పిండర్’ అనే పదవి. మన ఊళ్ళలో బందెలదొడ్లకు చట్టరూపం ఇచ్చిన 1871 నాటి పశువుల చొరబాటు చట్టం వెనక ఉన్న ఆలోచన ఇంగ్లండ్ పల్లెల్లోని ఈ దొడ్లదే. పిండర్ చేతికి పశువులు రావడం ఇప్పుడు అరుదు. జ్యూరీ పని మాత్రం ఆగలేదు.

ఏటా నవంబరు చివర, గోధుమ విత్తనం పడ్డాక, ప్రమాణం చేసిన జ్యూరీ సభ్యులు ఆ ఏడు గోధుమ వంతు వచ్చిన పొలానికి వెళతారు. చెక్కల హద్దులు చూసుకుంటూ నడుస్తారు. చెరిగిపోయిన చోట గుంజలు పాతుతారు. దారిలోకి దున్నినవాడు, సైక్‌లోకి జరిగినవాడు, కాలువ శుభ్రం చేయనివాడు ఎవరో రాసుకుంటారు. చూసేవాళ్ళూ రైతులే, చూడబడేవాళ్ళూ రైతులే. ఈ ఏడు తప్పు రాసినవాడి చెక్కను వచ్చే ఏడు మరొకరు చూస్తారు కాబట్టి కక్షకు చోటు తక్కువ, ఉపేక్షకు కూడా. వారం తరువాత డవ్‌కోట్ అనే ఊరి సత్రంలో కోర్టు కూర్చుంటుంది. భూస్వామి తరఫున స్టీవార్డ్ అధ్యక్షత వహిస్తాడు, జ్యూరీ రాసుకున్నది చదువుతారు, జరిమానాలు ఖరారవుతాయి. మొత్తాలు చిన్నవే. అందరి ముందూ పేరు చదవడమే అసలు శిక్ష. అదే రోజు, వచ్చే ఏడు గోధుమ పడబోయే పొలం కోసం కొత్త జ్యూరీని ఎంచుకుంటారు.